మాజీ మున్సిపల్ చైర్మన్‌కు కంచు విగ్రహం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరికి మంచినీళ్లు తెచ్చిన, మోరీలు కట్టించిన, మార్కెట్ నిలబెట్టిన ఒక పాత చైర్మన్‌కు విగ్రహం పెట్టాలని నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ, వనపర్తి వంటి పట్టణాల్లో కుటుంబ సభ్యులో, అభిమానులో, పాత కౌన్సిలర్లో కమిటీగా కూడినప్పుడు మొదట అడిగే ప్రశ్న శిల్పి ఎవరని. నిజానికి ఆ ప్రశ్న నాలుగోదో ఐదోదో కావాలి. స్థలం, కాగితాలు, ఆ తర్వాత విగ్రహాన్ని చూసుకునే మనిషి, ఈ మూడూ తేలకుండా మట్టి ముట్టుకున్న కమిటీలే ఎక్కువగా చిక్కుల్లో పడతాయి. అందుకే కింది జవాబుల్లో శిల్పి కన్నా ముందు స్థలం, కాగితాల సంగతి రాశాను.

విగ్రహం కింద "మాజీ మేయర్" అని రాయాలా, "మాజీ చైర్మన్" అని రాయాలా?

ఆయన పదవిలో ఉన్న రోజుల్లో ఆ పదవికి ఏ పేరు ఉండేదో అదే రాయాలి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం మున్సిపాలిటీకి చైర్‌పర్సన్, మున్సిపల్ కార్పొరేషన్‌కు మేయర్ ఉంటారు. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది కాబట్టి అంతకుముందు ఆ పట్టణాన్ని పాలించిన వారందరూ చైర్మన్లే అవుతారు తప్ప మేయర్లు కారు. ఇప్పుడు పట్టణం స్థాయి పెరిగిందని పాతవారి పదవిని కూడా పెంచి రాస్తే అది గౌరవం అనిపించుకోదు, తప్పు అనిపించుకుంటుంది. రాతిమీద చెక్కిన తప్పును దిద్దడం ఎంత ఖర్చో చెక్కించినవారికే తెలుసు.

ప్రధాన చౌరస్తాలో పెట్టుకోవచ్చా? మిగతావన్నీ అక్కడే ఉన్నాయి కదా?

ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి నచ్చదు. పెట్టకూడదు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ప్రజా రహదారులు, కాలిబాటలు, రోడ్డు పక్క జాగాలు, ప్రజోపయోగ స్థలాల్లో ఏ విగ్రహానికీ రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వరాదు. వీధి దీపాలు, విద్యుత్తు, ట్రాఫిక్, టోల్, రహదారుల సుందరీకరణ వంటి ప్రజా సౌకర్యాలకు మాత్రమే అందులో మినహాయింపు ఉంది. కేరళలో జాతీయ రహదారి కూడలిలో ఒక దివంగత నాయకుడి విగ్రహం పెట్టడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి ఆ ఉత్తర్వుకు కారణమైంది. ఒక్క కేరళకే అని వాదించడానికి వీలు లేకుండా న్యాయస్థానం దానిని అన్ని రాష్ట్రాలకూ, కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తింపజేసింది.

"పక్కన ఇంకో విగ్రహం ఉంది, దానికి లేని అడ్డు మాకెందుకు?" అని అడిగేవారు ప్రతి కమిటీలోనూ ఉంటారు. పక్కనున్నది 2013కు ముందుదై ఉండవచ్చు, అనుమతి లేకుండా రాత్రికి రాత్రి లేచినదై ఉండవచ్చు. ఏదైనా అది మనకు హక్కు ఇవ్వదు. మహబూబ్‌నగర్ తెలంగాణ చౌరస్తా అయినా, నల్లగొండ గడియారం స్తంభం దగ్గరైనా ఇదే నియమం. నల్లగొండ మీదుగా 565వ నంబరు జాతీయ రహదారి, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ మీదుగా 167వ నంబరు జాతీయ రహదారి పోతున్నాయి. వాటి హద్దుల్లోపలి జాగాకు పై ఉత్తర్వుతో పాటు జాతీయ రహదారుల నియంత్రణ చట్టం, 2002 కూడా వర్తిస్తుంది. అక్కడ మున్సిపాలిటీ తీర్మానం ఒక్కటే చేతబట్టుకుని పోతే పని కాదు.

మరి ఎక్కడ పెట్టాలి? మున్సిపల్ కార్యాలయ ప్రాంగణం, ఆయన కట్టించిన పార్కు, నీళ్ల ట్యాంకు ఆవరణ, టౌన్‌హాలు, గ్రంథాలయం, లేదా కుటుంబం రాసిచ్చే సొంత జాగా. ఇవి రోడ్డు కావు, ట్రాఫిక్‌కు అడ్డం కావు. రేపు రోడ్డు వెడల్పు చేసినప్పుడు కదిలించాల్సిన అవసరమూ రాదు. అయితే ప్రభుత్వ ఆవరణ ఏదైనా పై ఉత్తర్వులోని "ప్రజోపయోగ స్థలాలు" అన్న మాట కిందికి వస్తుందా రాదా అన్నది అనుమతి దశలోనే తేల్చుకోవాలి. నా మట్టుకు నాకు పార్కు కన్నా నీళ్ల ట్యాంకు ఆవరణే నచ్చుతుంది. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు బాధపడిన నల్లగొండలో శుద్ధమైన నీళ్లు తెచ్చిన మనిషి విగ్రహం నీళ్ల దగ్గర ఉంటే, అక్కడికి వచ్చినవారికి ఆయన చేసిన పని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అనుమతులు ఎవరెవరి దగ్గర, ఏ వరుసలో తీసుకోవాలి?

ముందు స్థలం ఎవరిదో తేల్చుకోవాలి. ప్రభుత్వ భూమి అయితే రెవెన్యూ శాఖ, మున్సిపాలిటీది అయితే కౌన్సిల్, ఆర్ అండ్ బీ లేదా జాతీయ రహదారి పక్కదైతే ఆ శాఖ, విద్యాసంస్థ ఆవరణ అయితే ఆ యాజమాన్యం దాని సొంతదారు. రెవెన్యూ రికార్డులో ఒక పేరు, మున్సిపల్ రికార్డులో మరో పేరు ఉన్న జాగాలు మన పట్టణాల్లో తక్కువేమీ కావు. అందువల్ల సర్వే నంబరు, హద్దుల పటం చేతికి రాకుండా ముందుకు పోవద్దు.

తర్వాత మున్సిపల్ కమిషనర్‌కు దరఖాస్తు ఇచ్చి, అజెండాలో చేర్పించి, కౌన్సిల్ తీర్మానం తీసుకోవాలి. దరఖాస్తుకు స్థల పటం, గద్దె కొలతలు, విగ్రహం ఎత్తు, ఫలకంపై రాయబోయే మాటల ముసాయిదా, ఖర్చు ఎవరు భరిస్తారో తెలిపే పత్రం, నిర్వహణ బాధ్యత ఎవరిదో తెలిపే హామీ పత్రం జతచేయాలి. చివరిదాన్ని సాధారణంగా ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు కూడా. కాని పదేళ్ల తర్వాత పనికొచ్చేది అదే. ఆ తర్వాత కలెక్టర్ కార్యాలయం ద్వారా ప్రభుత్వ స్థాయి అనుమతి, శాంతిభద్రతలు, ట్రాఫిక్ విషయంలో పోలీసు శాఖ అభిప్రాయం తీసుకోవాలి. "అన్నా, ఎమ్మెల్యే సాబ్ సరే అన్నడు" అన్న మాట అనుమతి కిందికి రాదు. నోటిమాట మీద లేచిన గద్దె మీద విగ్రహం ఎక్కకముందే అధికారులు మారిపోవచ్చు.

కౌన్సిల్ లేని కాలంలో తీర్మానం ఎలా?

2025 జనవరిలో మన మున్సిపల్ పాలకవర్గాల గడువు ముగిసినప్పుడు జరిగినట్టు, ఎన్నికైన పాలకవర్గం లేని రోజుల్లో దాని అధికారాలను ప్రత్యేకాధికారి వాడతారు. ఆయన ఉత్తర్వు చట్టరీత్యా చెల్లుతుంది. అయినా ప్రజలు ఎన్నుకున్న మనిషి విగ్రహానికి ప్రజలు ఎన్నుకున్న సభే ఆమోదం తెలపడం బాగుంటుంది. తొందర లేకపోతే ఆగండి.

ఖర్చు మున్సిపాలిటీ పెట్టుకోవాలా, చందాలు వేసుకోవాలా?

చందాలే మేలు. పన్నుల డబ్బుతో పెడితే ప్రతి వార్డు నుంచి "మా వార్డులో మోరీ లేదు, మీకు విగ్రహం కావాల్నా?" అన్న ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్న కూడా. చందాలు వసూలు చేసేముందు కమిటీని తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేయించి, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. చందా ఇచ్చినవారి పేర్లన్నీ ఫలకం మీద చెక్కిస్తామని మాట మాత్రం ఇవ్వకండి, ఎందుకంటే ఆ పేర్లకు చోటు చాలక అసలు మనిషి పేరు చిన్నదైపోయిన ఫలకాలను నేను చూశాను.

కంచు అంటే ఖచ్చితంగా ఏ లోహం? ఇత్తడికీ పంచలోహానికీ తేడా ఏమిటి?

రాగిలో తగరం కలిస్తే కంచు, రాగిలో జింకు కలిస్తే ఇత్తడి. మన ఇళ్లలోని పాత కంచు గిన్నె, గుడిలోని కంచు గంట తగరం ఎక్కువగా ఉన్న కంచుతో చేసినవి. ఐదో వంతుకు పైగా తగరం ఉండే ఆ లోహం బాగా మోగుతుంది, కాని పెళుసుగా ఉంటుంది, కింద పడితే పగులుతుంది. నిలువెత్తు విగ్రహానికి అది పనికిరాదు. విగ్రహాలకు ఎక్కువగా వాడేది 85 పాళ్లు రాగి, 5 తగరం, 5 సీసం, 5 జింకు కలిసిన మిశ్రమం. భారతీయ ప్రమాణం ఐఎస్ 318లో దీన్ని ఎల్‌టీబీ 2 అంటారు. సీసం ఉండడం వల్ల అచ్చులోకి సాఫీగా పారుతుంది, పోత తర్వాత చెక్కడానికి అనువుగా ఉంటుంది. ఒప్పందంలో ఊరికే "కంచు విగ్రహం" అని రాయించుకోకుండా ఈ పాళ్లను, ప్రమాణం నంబరును రాయించుకోవాలి.

పంచలోహం అన్నది ముఖ్యంగా దేవతా మూర్తుల సంప్రదాయం. చౌరస్తా విగ్రహాన్ని "పంచలోహ విగ్రహం" అని పత్రికల్లో రాయించుకోవడం ఒక అలవాటు అయింది గాని, ఆ మాటకు కొలత లేదు కాబట్టి ఒప్పందంలో దానికి విలువ లేదు.

ఎంత ఎత్తు ఉండాలి? ఎంత బరువు వస్తుంది?

సూర్యాపేటలో 2021 జూన్ 15న ఆవిష్కరించిన కర్నల్ సంతోష్ బాబు కంచు విగ్రహం తొమ్మిది అడుగులది. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులది. ఈ రెండూ మన కమిటీల కళ్ల ముందు ఉంటాయి కాబట్టి ఎత్తు మీద పోటీ సహజం. అయితే ఎత్తు పెరిగే కొద్దీ లోహం అదే లెక్కన పెరగదు, అంతకన్నా వేగంగా పెరుగుతుంది.

లెక్క సులభమే. లోపల బోలుగా ఉండే విగ్రహానికి లోహం కావలసింది పైపొరకే. ఆరడుగుల మనిషి శరీరం పైపొర సుమారు రెండు చదరపు మీటర్లు ఉంటుంది. పంచె మడతలు, కండువా కలుపుకుని రెండుంపావు అనుకుందాం. పోత మందం ఐదు మిల్లీమీటర్లయితే సుమారు 11 లీటర్ల లోహం కావాలి. లీటరు కంచు 8.8 కిలోల దాకా తూగుతుంది కాబట్టి వంద కిలోలు అనుకోవచ్చు. అదే మనిషిని తొమ్మిది అడుగులు చేస్తే ఎత్తు ఒకటిన్నర రెట్లే పెరిగినా, పైపొర రెండుంపావు రెట్లు పెరిగి లోహం 220 కిలోలు దాటుతుంది. పెద్ద విగ్రహానికి గట్టిదనం కోసం మందాన్ని ఎనిమిది మిల్లీమీటర్లకు పెంచితే 350 కిలోలవుతుంది. దీనికి లోపలి ఊతం, అతుకులు, మందం ఎక్కువైన చోట్లు అదనం. ఎవరైనా తొమ్మిది అడుగుల కంచు విగ్రహం బరువు 90 కిలోలని చెబితే అది కంచు కాదని, కాదంటే కాగితమంత పలుచన అని అర్థం చేసుకోవాలి. "రెండు టన్నులు" అన్నా అంతే అనుమానించాలి, ఎందుకంటే లోహం ఖర్చు కిలోల లెక్కనే బిల్లులోకి ఎక్కుతుంది.

పార్కు ఆవరణలో గద్దె మీద నిలబెట్టే మున్సిపల్ చైర్మన్‌కు ఏడు, ఏడున్నర అడుగులు చాలు. ఎత్తు మీద నిలబెట్టిన ఆరడుగుల విగ్రహం కింది నుంచి చూస్తే చిన్నబోతుంది గనుక మనిషి ఎత్తు కన్నా కొంచెం పెంచుతారు, తలను కూడా రవ్వంత పెద్దదిగా చేస్తారు.

మా దగ్గర ఒక్క పాత నలుపు తెలుపు ఫొటో మాత్రమే ఉంది. పోలిక వస్తుందా?

వస్తుంది, కష్టపడితే. ఒక్క ముందువైపు ఫొటోతో శిల్పికి ముక్కు ఎత్తు, చెవుల తీరు, మెడ వెనుక భాగం తెలియవు. పెళ్లి ఆల్బమ్‌లు, కౌన్సిల్ గ్రూపు ఫొటోలు, పాత శంకుస్థాపనల ఫొటోలు, బంధువుల ఇళ్లలో గోడమీది పటాలు వెదకండి. పక్కవాటంగా ఉన్న ఫొటో ఒక్కటి దొరికినా సగం పని అయినట్టే. ఆయన్ను పోలిన కొడుకో, తమ్ముడో ఉంటే శిల్పి దగ్గర కూర్చోబెట్టండి. నడిచే తీరు, చేతికర్ర పట్టుకునే విధానం, కండువా ఏ భుజాన వేసుకునేవారు, చొక్కా జేబులో కలం ఉండేదా లేదా, ఇవన్నీ ఆయనతో పనిచేసిన పాత బిల్ కలెక్టర్‌నో, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నో అడిగితే తెలుస్తాయి.

మట్టి నమూనా దశలోనే అందరూ పోయి చూడాలి. ఆ దశలో ముక్కు మార్చడం గంట పని. మైనం అయ్యాక ఒక రోజు పని. కంచు అయ్యాక అది జరగదు. కమిటీలో పదిమంది పదిరకాలుగా చెబితే శిల్పికి పిచ్చెక్కుతుంది కాబట్టి, ఆఖరి మాట చెప్పే అధికారం ఇద్దరికే ఇవ్వండి. అందులో ఒకరు ఆయన భార్యో, కూతురో అయితే మంచిది. వారు చూసి "అవును, బాపునే" అన్నాక ఫొటో తీసి, ఆ ఫొటో మీద సంతకాలు పెట్టించి శిల్పికి ఇవ్వాలి.

పోత ఎక్కడ పోయిస్తారు? ఎలా పోస్తారు?

మన ప్రాంతపు కమిటీలు హైదరాబాద్ శిల్పుల దగ్గరికి, తెనాలికి, కోనసీమలోని కొత్తపేటకు పోతుంటాయి. పెంబర్తిలో కూడా చేయిస్తారా అని అడుగుతుంటారు. పెంబర్తి పేరు ఇత్తడి రేకు మీద నగిషీ పనికి ప్రసిద్ధం, అది వేరే విద్య. ఆదిలాబాద్ డోక్రా మైనపు పోతే అయినా అది చిన్న బొమ్మల కళ.

పద్ధతి మాత్రం చాలాచోట్ల ఇదే. మట్టి నమూనా మీద రబ్బరు అచ్చు, దానికి బయట ప్లాస్టర్ లేదా ఫైబర్ కవచం వేస్తారు. ఆ అచ్చులో మైనం పూసి, కావలసిన మందంలో బోలుగా మైనపు బొమ్మ తీస్తారు. విగ్రహాన్ని తల, మొండెం, చేతులు, కాళ్లుగా విడదీసి, ఒక్కో ముక్కకు లోహం పారే కాలువలు, గాలి పోయే దారులు మైనంతోనే అతికిస్తారు. దాన్ని నిప్పుకు ఆగే పూతతో లోపలా బయటా కప్పి, కాల్చి, మైనాన్ని కరిగించి పారబోస్తారు. మైనం పోయిన ఖాళీలోకి సుమారు 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న కంచును పోస్తారు. చల్లారాక పై పెంకు పగలగొట్టి, ముక్కలను వెల్డింగ్ చేసి, అతుకులు కనిపించకుండా చెక్కి, రసాయనాలతో రంగు తెప్పించి, మైనపు పూత వేస్తారు. చల్లారేటప్పుడు కంచు నూటికి ఒకటిన్నర పాలు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి ఏడడుగుల విగ్రహం అంగుళానికి పైగా తగ్గుతుంది. మట్టిలో ఆ తేడా ముందే కలపాలి.

ఇదంతా నెలల పని. జయంతికి నలభై రోజులే ఉందని తొందరపెడితే అతుకులు సరిగా చెక్కకుండా మీద దళసరి రంగు కొట్టి పంపిస్తారు. తేదీని విగ్రహం పూర్తయ్యాక ప్రకటించండి.

ఇచ్చింది కంచేనా, ఫైబర్‌కు కంచు రంగు వేశారా? ఎలా తెలుసుకోవాలి?

మోసం జరిగేది ఇక్కడే. ఫైబర్ విగ్రహం చవక, తేలిక, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. ముందుగా ఎవరి ముందైనా చేయగల పరీక్ష బరువు. లారీని కాంటా మీద విగ్రహంతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి, పైన చెప్పిన లెక్కతో పోల్చండి. రెండోది అరికాలి కింద, గద్దెలోకి పోయే భాగంలో చిన్న గీత గీయడం. కంచు అయితే ఎర్రటి పసుపు లోహం మెరుస్తుంది. మూడోది అయస్కాంతం. కంచుకు అది అతుక్కోదు, లోపల ఎక్కడైనా మామూలు ఇనుము దాచి ఉంటే పట్టేస్తుంది. ఇవన్నీ మొదటి మెట్టు మాత్రమే. మిశ్రమం పాళ్లు తేలాలంటే ఎక్స్‌రే పరికరంతో లోహాన్ని పరీక్షించే ప్రయోగశాల నివేదిక తీసుకోవాలి. చివరి విడత డబ్బు ఆ నివేదిక వచ్చాకే ఇస్తామని ఒప్పందంలో రాయించుకుంటే ఎవరికీ మనస్తాపం ఉండదు.

ఫైబర్ పెట్టడం తప్పు కాదు, స్తోమత లేకపోతే అదే పెట్టవచ్చు. కంచు డబ్బు తీసుకుని ఫైబర్ ఇవ్వడమే తప్పు.

గద్దె ఎలా ఉండాలి?

మన జిల్లాల్లో గ్రానైటుకు కొదవ లేదు. హుస్సేన్ సాగర్‌లోని బుద్ధుడి రాయి అప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి దగ్గరి రాయగిరి నుంచే పోయింది. చుట్టుపక్కల దొరికే బూడిదరంగు గ్రానైటును వాడితే కంచు రంగు బాగా తేలుతుంది, నిగనిగలాడే నల్లరాయి మీద అది మునిగిపోతుంది.

పునాది కింది నేలను చూసుకోవాలి. చెల్క నేలలో ఇబ్బంది తక్కువ. రేగడి నేల వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది కాబట్టి పునాదిని గట్టి నేల దాకా దింపాలి, లేకపోతే రెండు మూడేళ్లలో విగ్రహం ఒక పక్కకు ఒరుగుతుంది. విగ్రహాన్ని పట్టి ఉంచే బోల్టులు, లోపలి ఊతం స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కావాలి. మామూలు ఇనుప కడ్డీ కంచును తగిలి తడిసినప్పుడు తొందరగా తుప్పు పడుతుంది. ఆ తుప్పు ఉబ్బి కాళ్ల దగ్గర లోహాన్ని చీలుస్తుంది, గద్దె మీద ఎర్రటి చారలు దిగుతాయి. లోపల చేరిన నీళ్లు పోవడానికి పాదాల దగ్గర కనిపించని చిన్న రంధ్రం తప్పక పెట్టించాలి. దీన్ని మరచిపోతే బయట మెరిసే విగ్రహం లోపల కుళ్లుతుంది.

ఫలకం మీద ఏం రాయాలి?

పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు, ఏ కాలంలో చైర్మన్‌గా ఉన్నారో, ఏం చేశారో. అంతే. "ప్రజాబంధు, పేదల పెన్నిధి, అభినవ కర్ణ" వంటివి పది విగ్రహాల కింద చదివినవారికి పదకొండోదాని కింద ఏమీ చెప్పవు. ఫలానా చెరువు కట్ట బాగు చేయించారు, ఫలానా వార్డులకు నల్లాలు ఇప్పించారు, బాలికల పాఠశాలకు జాగా ఇప్పించారు అని రాస్తే చదివిన పిల్లవాడు ఆ నల్లాను చూసి గుర్తుపడతాడు.

సంవత్సరాల విషయంలో కుటుంబం జ్ఞాపకం మీద ఆధారపడకుండా కౌన్సిల్ తీర్మానాల పుస్తకాలు, గెజెట్లు చూడాలి. నల్లగొండ పురపాలక సంఘం నిజాం కాలంలో, 1941లో ఏర్పడింది. అప్పటి కాగితాలు ఉర్దూలో, నిజాం ప్రభుత్వం వాడిన ఫస్లీ సంవత్సరాల్లో ఉండవచ్చు. హైదరాబాద్ రాజ్యపు ఫస్లీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి, దాన్ని క్రీస్తుశకంలోకి మార్చాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590, ఆ తర్వాతి నెలలైతే 591 కలపాలి. ఇది తెలియక ఒక ఏడాది తప్పు చెక్కించడం సులభం.

తెలుగుతో పాటు ఉర్దూలో కూడా రాయించడం మన పట్టణాలకు తగిన పని. 2017 నుంచి అది రాష్ట్రమంతటా రెండో అధికార భాష. అదీగాక ఆయనకు ఓటేసినవారిలో ఉర్దూ చదివేవారు తక్కువేమీ కాదు. అక్షరాలను రాతిలోకి లోతుగా చెక్కించండి, అతికించిన ఇత్తడి అక్షరాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. తెలుగు వత్తులు, గుడులు చిన్న అచ్చులో పూడిపోతాయి కాబట్టి మాటలు తగ్గించి అక్షరం పెంచాలి.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ఆవిష్కరించవచ్చా?

ఆ రోజుల్లో పెట్టుకోవద్దు. కోడ్ అమల్లో ఉండగా రాజకీయ నాయకుల విగ్రహాలకు ముసుగులు వేయడం మన దగ్గర మామూలే. కొత్తదాని ముసుగు తీసే సభ నడపడం కుదరని పని.

జయంతికి పాలాభిషేకం చేస్తాం, బంగారు రంగు వేస్తాం. ఏమైనా నష్టమా?

నష్టమే. పాలు మడతల్లో ఎండి పులిసి, పుల్లదనంతో కంచు పైపూతను తింటాయి. చీమలు చేరతాయి, దుమ్ము అంటుకుంటుంది. అభిమానం ఆగకపోతే గద్దె ముందు ఒక పళ్లెంలో పాలు పోసి, తర్వాత పిల్లలకు పంచండి. పూలదండను సాయంత్రమే తీసేయాలి. వాడిన దండ తడితో మెడ చుట్టూ మచ్చ పడుతుంది.

బంగారు రంగు అంతకన్నా చెడ్డది. లక్షలు పోసి కంచు తెచ్చుకుని, దాని మీద కొట్టు రంగు పూస్తే ఫైబర్ బొమ్మకూ దానికీ తేడా ఉండదు. ముఖంలోని సన్నటి గీతలు, కళ్ల కింది ముడతలు రంగు కింద కప్పుకుపోతాయి, పోలిక పోతుంది. చింతపండుతో, ఇత్తడి సామాను తోమే పొడితో తోమడం కూడా అంతే ప్రమాదం. ఇంట్లో గిన్నె మెరవాలి, విగ్రహం మెరవకూడదు. శిల్పి రసాయనాలతో తెప్పించిన ఆ ముదురు రంగే లోహానికి కాపుదల.

ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, మెత్తటి గుడ్డ, మెత్తటి కుంచె, కొద్దిగా సబ్బు నీళ్లతో కడగాలి. బోరు నీళ్లు వాడవద్దు. మన భూగర్భ జలాల్లో ఉన్న లవణాలు ఎండి తెల్లటి పొర కడతాయి. వాననీళ్లో, ఫిల్టర్ నీళ్లో చాలు. ఆరాక పలుచగా మైనం పూసి గుడ్డతో రుద్దాలి. మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడే ఊళ్లలో ఇంకొంచెం తరచుగా చేయాలి. ఆ దుమ్ము తడిసి గట్టిపడితే తీయడం కష్టం.

ఆకుపచ్చ మచ్చలు వస్తున్నాయి. పాడైనట్టా?

అంతటా సమంగా, గట్టిగా, నునుపుగా వచ్చే పచ్చదనం రాగికి సహజం, హాని లేదు. ఒకచోట మాత్రమే లేతాకుపచ్చ పొడి రాలుతూ, కింద చిన్న గుంట పడుతుంటే అది క్లోరైడుల వల్ల వచ్చే జబ్బు, పాకుతుంది. గోకకుండా శిల్పిని పిలిపించండి.

రోడ్డు వెడల్పులో విగ్రహాన్ని తీసేయమంటే?

రోడ్డు జాగాలో ఉంటే తీయక తప్పదు. కూలదోయనివ్వకుండా, బోల్టులు విప్పి క్రేన్‌తో దింపించి, మున్సిపల్ ఆవరణలో పంచనామా రాయించి భద్రపరచమని కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. కొత్త స్థలం, అక్కడ నిలబెట్టే గడువు ఆ కాగితంలోనే ఉండాలి. ఇందుకే మొదట్లో చెప్పాను, రోడ్డు కాని జాగా చూసుకోమని.

ఎవరైనా ధ్వంసం చేస్తే ఏ చట్టం?

మున్సిపాలిటీకి అప్పగించిన విగ్రహం ప్రజా ఆస్తి అవుతుంది. ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం, 1984 కింద ఐదేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. కమిటీ చేతిలోనే ఉంచుకుంటే ఈ రక్షణ బలహీనపడుతుంది కాబట్టి ఆవిష్కరణ రోజే అప్పగింత పత్రం రాయించుకోవడం మంచిది. దీపం, కెమెరా కూడా పెట్టించండి. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పడినప్పుడు కారణం రాజకీయం. చిన్న పట్టణంలో విగ్రహం చేయి మాయమైతే కారణం చాలాసార్లు రాగి ధరే.

విగ్రహం మీద హక్కులు ఎవరివి? అచ్చు ఎవరి దగ్గర ఉండాలి?

డబ్బు మనం ఇచ్చాం కాబట్టి హక్కులన్నీ మనవే అనుకోవడం పొరపాటు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, శిల్పం మీద కాపీరైట్ శిల్పిదే. ఆయన జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు అది ఉంటుంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహం ఫొటోలు తీసుకోవడానికి, ఆ ఫొటోలను ప్రచురించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చిన్న ప్రతిమలు చేయించి పంచాలంటే మాత్రం ఆ మాట ఒప్పందంలో ముందే ఉండాలి. విగ్రహాన్ని మార్చి చెడగొడితే శిల్పి నష్టపరిహారం అడగవచ్చు. విజ్ఞాన్ భవన్ నుంచి తీసివేసిన కంచు కుడ్యశిల్పం విషయంలో అమర్‌నాథ్ సెహగల్‌కు ఢిల్లీ హైకోర్టు 2005లో ఐదు లక్షల రూపాయల పరిహారం ఇప్పించి, ఆ శిల్పాన్నీ ఆయనకు తిరిగి ఇప్పించింది. బంగారు రంగు పూసేముందు ఈ కేసు ఒకసారి తలచుకుంటే మంచిది.

అచ్చు సంగతి చాలామంది పట్టించుకోరు. విగ్రహం చేయి విరిగినా, తల పగిలినా అదే పోలికతో మళ్లీ పోయాలంటే అచ్చు కావాలి. రబ్బరు కొన్నేళ్లకు పెళుసుబారుతుంది కాబట్టి, తల వరకైనా ఒక ఫైబర్ ప్రతిని తీయించి, మున్సిపల్ కార్యాలయం రికార్డు గదిలో సంతకం చేయించి ఉంచండి. దాని పెట్టె మీద శిల్పి పేరు, మిశ్రమం పాళ్లు, పోత పోసిన సంవత్సరం రాసిపెట్టండి.